వానొస్తే నెట్ పోతోందా? కిటికీ చూడండి

అమలాపురం దగ్గర ఒక ఇంట్లో వాన మొదలైతే చాలు, మోడెం మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ అందట్లేదని చెప్పే) లైటు ఎర్రగా కొట్టుకునేది. "మోడెం మార్చెయ్ బాబూ" అన్నారు ఆ ఇంటి పెద్దాయన. కానీ ఫైబర్‌లో నడిచేది వెలుగు, కేబుల్ తడిస్తే అది ఆగదు. ఆ వానలోనే వెలుగు బలం కొలిచే పవర్ మీటర్ పెట్టాను. స్తంభం మీది బాక్సులో మైనస్ 19 డీబీఎం (వెలుగు బలానికి కొలత, మైనస్ అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు), ఇంట్లో మైనస్ 29. ఇళ్లలో పెట్టే మామూలు జీపాన్ (ఫైబర్ నెట్) మోడెం మైనస్ 27 దాకానే పట్టుకుంటుంది. తేడా మధ్య తీగలోనే ఉంది.

బాక్సు వైపు నుంచి ఎర్ర లేజర్ వదిలి, గదిలో లైటు ఆపి చూస్తే కిటికీ మూలలో తీగ తెల్ల తొడుగులోంచి ఎర్రటి చుక్క మెరుస్తోంది. వానకి కిటికీ మూస్తారు, రెక్క తీగను నొక్కి మడత పెడుతుంది, వెలుగు అక్కడే బయటికి పోతుంది.

సర్ది వదిలేస్తే తీగ లోపల నలిగిన గాజు పోగు ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది, అలా వదిలేయడం నాకు నచ్చదు. ఆ ముక్క కోసేసి, గోడకి బయటికి వాలుగా రంధ్రం వేసి తీగ తెచ్చాను. పోగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, క్లీవర్‌తో (గాజు పోగును నున్నగా కోసే పరికరం) కోసి కొత్త కనెక్టర్ బిగించాను. మూలల్లో 3 సెంటీమీటర్ల కన్నా ఇరుకుగా వంచలేదు. కిటికీ మూసి చూస్తే మైనస్ 20.