తోబుట్టువుతో కలిసి సంగీత నాటకానికి వెళ్లేముందు

ఏళ్ల తరబడి పాటలు మాత్రమే వింటూ వచ్చిన సంగీత నాటకాన్ని అక్కతోనో తమ్ముడితోనో కలిసి వేదిక మీద చూడబోయేవారు, ఇద్దరిలో దానికోసం ఎక్కువగా ఎదురుచూసింది ఎవరో ముందుగా తేల్చుకోవాలి. తేదీ, సీటు ఆ మనిషి కోరిక ప్రకారం ఎంచుకుంటే రెండోవారు సర్దుకోవడం కష్టమేమీ కాదు.

న్యూయార్క్‌లోని నాటకశాలల ప్రాంతమైన బ్రాడ్‌వేలోనూ లండన్‌లోనూ పెద్ద సంగీత నాటకాలు సాధారణంగా వారానికి 8 ప్రదర్శనలు ఇస్తాయి. అన్నింటిలోనూ ప్రధాన పాత్రను ఒకరే పోషిస్తారన్న భరోసా లేదు కనుక, ఫలానా నటుడి కోసమే వెళ్తున్నట్లయితే ఆయన సెలవు రోజులను థియేటర్ ప్రకటనలో చూసుకున్నాకే టికెట్ తీసుకోవాలి. అప్పటికీ ఆఖరి నిమిషంలో ఆయనకు గొంతు పట్టేసి వేరొకరు రావచ్చు. నిరాశపడకండి, ఆ పాత్రకు సిద్ధమై అవకాశం కోసం కాచుకుని ఉన్నవారి ప్రదర్శనలో ఒక ప్రత్యేకమైన ఉత్సాహం ఉంటుందని నా అభిప్రాయం.

సీట్ల విషయంలో తొందరపడకూడదు. మొదటి వరుసలో ముఖకవళికలు స్పష్టంగా కనిపిస్తాయి గానీ, వేదిక ఎత్తుగా ఉంటే నర్తకుల పాదాలు కనిపించవు, బృంద నృత్యంలోని అమరిక అసలే అర్థం కాదు. బాల్కనీ కింద బాగా వెనక్కి ఉన్న సీట్లలో దృశ్యం పైభాగం తెగిపోతుంది. ‘ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’లో మొదటి అంకం చివర పైనుంచి షాండిలియర్ (వేలాడే పెద్ద దీపాల గుత్తి) కూలే ఘట్టం కోసమే వచ్చినవారికి ఇది పెద్ద లోటు. నన్నడిగితే మొదటి బాల్కనీ మధ్యభాగమే మేలు, అయితే పొట్టివారికి ముందు వరుసలోని కటకటాలు అడ్డురావచ్చు. పక్కపక్క సీట్లు దొరక్కపోతే చెరో మూల కూర్చోవడం కన్నా ఒకరి వెనక ఒకరు కూర్చోవడం నయం, ఎందుకంటే విరామంలో సీట్లు మార్చుకునే వీలుంటుంది.

పాటలు ముందే వినాలా, వద్దా అన్నది అసలైన చిక్కు. ‘లే మిజరబ్ల్’, ‘హామిల్టన్’ వంటివాటిలో మామూలు సంభాషణ చాలా తక్కువ, కథంతా పాటల్లోనే నడుస్తుంది. నాలుగు చరణాలు చెవిన పడకపోతే కథలో వెనకబడిపోతాం. అందుచేత కొత్తవారు మొదటి అంకం పాటలనైనా ఒకసారి విని, కథాసారం చదువుకుని, రెండో అంకాన్ని తెలియకుండానే ఉంచుకోవాలని నా సలహా. ‘హామిల్టన్’ ఆల్బమ్‌లో 46 పాటలున్నా, మొదటి అంకంలోని ఒక చిన్న సన్నివేశాన్ని కావాలనే అందులో చేర్చలేదు. మొత్తం కంఠతా వచ్చినవారు కూడా హాల్లో ఒక్కసారి ఉలిక్కిపడతారు. ఇదివరకే చూసినవారు ఆ సంగతి పక్కవారికి చెప్పకుండా నోరు కట్టుకోవాలి, తోబుట్టువుల మధ్య అదేమంత సులువు కాదు.

ఆలస్యంగా వెళ్తే తగిన సందు దొరికేదాకా లోపలికి పంపరు కాబట్టి అరగంట ముందే చేరుకోవాలి. విరామం 15, 20 నిమిషాలే ఉంటుంది గనుక, దీపాలు వెలగగానే మరుగుదొడ్డి వరుసలో నిలబడి, కబుర్లు ఆ వరుసలోనే చెప్పుకోవాలి. తెర లేవకముందు వాద్యబృందం వాయించే ఆరంభ సంగీతం కూడా నాటకంలో భాగమే, అప్పటికే మాటలు ఆపెయ్యాలి.

పాటలన్నీ వచ్చినవారికి అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. కూనిరాగం తీయకూడదని పెదవులు బిగించి కూర్చున్న నేను, కుర్చీ చేతి మీద వేళ్లతో తాళం వేస్తున్నానని గమనించుకోలేదు. మా అక్క వేదిక మీంచి చూపు తిప్పకుండానే తన అరచేతిని నా వేళ్ల మీద పెట్టి అదిమింది, విరామం దాకా తీయలేదు.

చివర నటులు నమస్కరించి వెళ్లాక కూడా చాలా నాటకాలలో వాద్యబృందం మరికాసేపు వాయిస్తుంది. జనం లేచిపోతున్నా ఆ రాగం ముగిసేదాకా కూర్చోండి. ఎలా ఉందని అడగడం బయటికి వచ్చాక చూసుకోవచ్చు.