కొవ్వు కణం పాఠాలు – 5: విరగడం వేరు, ఖర్చవడం వేరు

కొవ్వు కణంలో కొవ్వును విరిచే ఎంజైమ్ అయిన హార్మోన్ సెన్సిటివ్ లైపేజ్ (హెచ్‌ఎస్‌ఎల్) జన్యువు అసలు పనిచేయకపోతే మనిషి ఎలా ఉంటాడని పోయినసారి అడిగాను. "లావైపోతాడు" అన్నారు దాదాపు అందరూ. కొవ్వు విరగకపోతే పేరుకోవాలి కదా అని మీ లెక్క. అందుకే ఈరోజు మొదలుపెట్టాల్సిన గ్రాహకాలు (కణం మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్లు) పక్కన పెడుతున్నాను.

అమెరికాలోని ఆమిష్ ప్రజల్లో ఈ జన్యువులో 19 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయినవాళ్ల వివరాలు 2014లో వచ్చాయి. రెండు ప్రతులూ చెడినవాళ్లలో కొవ్వు కణాలు ఉబ్బలేదు సరికదా, చిన్నవిగా ఉన్నాయి. కాలేయంలో కొవ్వు, ఇన్సులిన్ నిరోధకత, షుగర్ కనిపించాయి. ఎందుకంటే వాళ్ల కొవ్వు కణజాలంలో పీపార్-గామా అనే నియంత్రణ ప్రోటీన్ ఆధీనంలోని జన్యువుల పని తగ్గింది. కొవ్వు కణం ఎదగడానికీ, కొవ్వు దాచడానికీ ఆ జన్యువులే ఆధారం.

ఇప్పుడు దీనికి ఎదురు కేసు. కొవ్వు బిందువు చుట్టూ ఉండే పెరిలిపిన్-1 అనే ప్రోటీన్ చెడితే, విశ్రాంతిలో కూడా విచ్ఛిన్నం ఆగదు. మరి వాళ్లు ఆరోగ్యంగా సన్నబడ్డారా? లేదు. కాళ్లూ చేతుల్లో కొవ్వు తగ్గి, వాళ్లకూ కాలేయంలో కొవ్వే, షుగరే. ఒకరిలో తలుపు మూసుకుపోయింది, ఇంకొకరిలో తెరిచే ఉంది. జబ్బు మాత్రం ఒకటే.

అసలు చిక్కు "కరగడం" అనే ఆలోచనలో ఉంది. "కొవ్వు కరిగించే జన్యువు" అని ఎవరైనా రాస్తే నేను అక్కడితో చదవడం ఆపేస్తాను. కొవ్వు కణం ట్రైగ్లిజరైడ్‌ను (కొవ్వు నిల్వ ఉండే రూపం) కొవ్వు ఆమ్లాలుగా, గ్లిజరాల్‌గా విరిచి బయటికి పంపుతుంది, అంతే. ఆ కొవ్వు ఆమ్లాలను కాల్చేది ఎక్కువగా కండరాలు, గుండె, కాలేయం. అక్కడ ఖర్చుకాని కొవ్వు ఆమ్లాలు మళ్లీ ట్రైగ్లిజరైడ్లే అవుతాయి, కొన్ని అదే కొవ్వు కణంలో, కొన్ని కాలేయంలో. ల్యాబ్‌లో కొవ్వు ఆమ్లాలకు బదులు గ్లిజరాల్‌ను కొలిచేదీ ఇందుకే: కొవ్వు కణం గ్లిజరాల్‌ను తిరిగి వాడుకునేది చాలా తక్కువ.

కొవ్వు విరవమనే సంకేతాన్ని అందుకునే బీటా-3 గ్రాహకంలో 64వ స్థానం మార్పు గురించి అడిగినవాళ్లకు: 1995 నుంచి దాని మీద బోలెడంత రాశారు, ప్రభావం మాత్రం చిన్నది. నేనైతే పూర్తిగా చెడిన జన్యువులతోనే నేర్చుకోమంటాను.

అభ్యాసం: ఇన్సులిన్ పీడీఈ3బీ అనే ఎంజైమ్ ద్వారా, కొవ్వు విరవమని కణం లోపల సంకేతమిచ్చే సైక్లిక్ ఏఎంపీని తగ్గించి విచ్ఛిన్నాన్ని అణచివేస్తుంది. పీడీఈ3బీ జన్యువు ఒక ప్రతి చెడితే తిన్న తర్వాత గ్లిజరాల్ ఎంత ఉంటుందో, ఉపవాసంలో ఎంత ఉంటుందో ఊహించి గ్రాఫ్ గీయండి. అలాంటివాళ్లలో నడుము-తుంటి నిష్పత్తి, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు తక్కువగా ఉంటాయని తేలింది. పెరిలిపిన్ చెడినవాళ్లకు జరిగింది వీళ్లకు ఎందుకు జరగలేదో ఒక పేజీ రాయండి.