పాత పెంటియం కొనేముందు ఒక్క అంకె చూడండి
మా తమ్ముడికి హనుమకొండలో పాత డెస్క్‌టాప్ వెతికితే రెండు దొరికాయి. ఒకదాంట్లో ఇంటెల్ పెంటియం జీ4400 ప్రాసెసర్, ఇంకోదాంట్లో జీ4560. రేటులో పెద్ద తేడా లేకపోతే రెండోదే తీసుకోండి. రెండింటికీ కోర్లు, అంటే ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు, 2 మాత్రమే. కానీ 2017లో వచ్చిన జీ4560కి హైపర్ థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండు పనులు కలిపి నడిపే సదుపాయం) ఉంది కాబట్టి థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే పనుల వరుసలు, 4. క్రోమ్‌లో పది ట్యాబులు తెరిచి, పక్కన ఆన్‌లైన్ క్లాసు పెడితే తేడా అక్కడే తెలుస్తుంది.

స్టిక్కర్‌ను నమ్మకండి. షాపులోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో ‘లాజికల్ ప్రాసెసర్స్’ (అంటే థ్రెడ్లు) పక్కన 4 కనిపిస్తేనే డబ్బులు తీయండి.

జీ4400 ఇప్పటికే ఉన్నవాళ్లు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు, సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఒకటే. హెచ్110 రకం మదర్‌బోర్డయితే మాత్రం పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించండి. లేదంటే కొత్తది పెట్టాక స్క్రీన్ నల్లగానే ఉండిపోవచ్చు.