గోదావరి వరద పునరావాస కేంద్రంలో జబ్బులు పాకకుండా ఏం చేయాలి

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడో హెచ్చరిక వచ్చాక, పునరావాస కేంద్రంగా వాడే బడి తాళాలు వెతికితే ఆలస్యమైనట్టే. 2020 ఆగస్టులో వరద కొవిడ్ కాలంలోనే ముంచెత్తింది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు, కూనవరం, వేలేరుపాడు మండలాల్లో కేంద్రం నడిపేవాళ్లు రెండో హెచ్చరికకే మూడు చూసుకోవాలి: నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్లు, జ్వరాలకు విడి గది. అన్నం ఒక పూట ఆలస్యమైతే జనం ఓర్చుకుంటారు. మురికి నీళ్లు ఒక పూట తాగినా విరేచనాలు పట్టుకోవచ్చు.

నీళ్లు

క్లోరిన్ పని ఒకే మనిషికి అప్పజెప్పండి. నలుగురి పని అయితే ఒకరోజు రెండుసార్లు పడుతుంది, మర్నాడు అసలు పడదు.

వెయ్యి లీటర్ల తేట నీటికి మంచి బ్లీచింగు పౌడరు 2.5 గ్రాములు వేస్తారు. వరద రోజుల్లో 5 గ్రాములతో మొదలుపెట్టండి. చెంచా లెక్క వద్దు, కిరాణా కొట్టు కాటాలో తూయించి పొట్లాలు కట్టుకోండి. పొడిని నేరుగా ట్యాంకులో పోయకూడదు. కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, బకెట్లో పలుచన చేసి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుగున పేరుకుంటుంది. పైన తేరిన నీళ్లే ట్యాంకులో పోసి అరగంట ఆగాలి. తర్వాత చివరి కుళాయి దగ్గర క్లోరోస్కోపుతో (నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో చూపే పరికరం) చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు కనిపించాలి. రంగు రాలేదంటే కారణం రెండింట్లో ఒకటి: సంచి తెరిచి ఉండి పౌడరు చెమ్మెక్కి చచ్చిపోయింది, లేదా బురద నీరు క్లోరిన్‌ను తినేసింది. బురద నీటిని ముందు పటికతో తేర్చాలి, ఆ తర్వాతే క్లోరిన్.

వాసన నచ్చక కొందరు మునిగిన చేతిపంపుకే వెళ్తారు. దాని పిడికి ఎర్రగుడ్డ కట్టి, ఎందుకు వద్దో తెలుగులోనూ కోయలోనూ చెప్పించండి.

మరుగుదొడ్లు మొదటి రోజుల్లో 50 మందికి ఒకటైనా ఉండాలి, తర్వాత 20 మందికి ఒకటి. ఆడవాళ్లవి విడిగా ఉండాలి, లోపల గడియ, బయట దీపం తప్పనిసరి. దీపం లేకపోతే రాత్రి వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు, నాలుగు రోజుల్లో మూత్రంలో మంట మొదలవుతుంది. సబ్బు ప్రతి కుళాయి దగ్గరా తాడుకు కట్టి ఉంచండి.

పొద్దున్నే తిరగడం

టిఫిన్‌కు ముందే ఆశా కార్యకర్త ప్రతి కుటుంబం దగ్గరికీ వెళ్లి అడగాలి: జ్వరమా, దగ్గా, విరేచనాలా, ఎప్పటి నుంచి? పేరు, వయసు, ఊరు, గది నంబరు నోటుపుస్తకంలో రాయాలి. బియ్యం కడిగిన నీళ్లలా విరేచనాలు అవుతున్నవాళ్లు ఒక్కరు కనిపించినా పీహెచ్‌సీ డాక్టరుకు అప్పుడే ఫోన్ చేయాలి, సాయంత్రం రిపోర్టు దాకా ఆగకూడదు.

ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం ఒక లీటరు తాగునీటిలో కలపాలి. గ్లాసులో సగం పొట్లం వేస్తే ఉప్పు ఎక్కువై పిల్లలకు ప్రమాదం. పొట్లం లేకపోతే లీటరుకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత పావు నుంచి అర కప్పు పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపొద్దు. కళ్లు లోపలికి పోయినా, పొట్ట మీద చర్మం గిల్లితే మడత నిలిచినా, తాగలేకపోయినా 108కి చెప్పండి. దారి తెగి ఉంటే పడవ అడగండి, అది వచ్చేదాకా ఓఆర్‌ఎస్ చెంచా ఆగకూడదు.

దగ్గు, జ్వరం ఉన్నవాళ్లకు రెండువైపులా కిటికీలున్న గది ఇచ్చి, వాన జల్లు పడని కిటికీలు తెరిచే ఉంచండి. పడకల మధ్య కనీసం మీటరు ఎడం ఉండాలి, ఒకరి తల దగ్గర పక్కవాళ్ల కాళ్లు రావాలి. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు పెట్టేముందు వేలు తుడిచి వెచ్చబరచాలి. చల్లటి వేలు మీద, గోళ్ల రంగు మీద అంకె తప్పు చూపిస్తుంది. 94 కంటే తగ్గితే, ఆయాసపడుతుంటే ఆస్పత్రికి పంపాలి.

ఒంటరిగా పడేస్తారన్న భయంతోనే జనం జ్వరం దాచుకుంటారు. తోడుగా ఒకరిని మాస్కు పెట్టి ఉండనివ్వండి, అన్నం వేళకు అందించండి, ఆ గది గురించి మైకులో పేర్లు చదవొద్దు. ఈ ప్రాంతంలో ఏ జ్వరానికైనా అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించాలి.

రోజూ మందులు వాడేవాళ్లు

బీపీ, షుగర్, టీబీ, మూర్ఛ మాత్రలు వరదలో పోయినవాళ్ల జాబితా మొదటి సాయంత్రమే ఏఎన్‌ఎం చేతిలో ఉండాలి. వాడే ఇన్సులిన్ సీసాను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా పెట్టండి. నెలలు నిండిన గర్భిణులను దారి తెగకముందే ఆస్పత్రికి చేర్చాలి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గుత్తికోయల్లో చాలామందికి కార్డులుండవు. మందు ఇవ్వడానికి ఆధార్ అడగొద్దు. అడిగారని తెలిస్తే ఆ కుటుంబాలు మళ్లీ రావు.

నీళ్లు తగ్గాక జనం ఒక్క పూటలో వెళ్లిపోతారు. మలేరియా రకాన్ని బట్టి 14 రోజుల మాత్రలు, టీబీ మందులు మధ్యలో ఉన్నవాళ్లకు మిగతా మోతాదు చేతికివ్వండి. నోటుపుస్తకంలోని ఆ పేజీ ఫొటో తీసి వాళ్ల ఊరి ఏఎన్‌ఎంకు పంపండి.