మోకాలి నొప్పికి బరువు ఎంతవరకు కారణం?

సమస్య: మెట్లు ఎక్కడం ఫర్వాలేదు, దిగేటప్పుడే మోకాలు కలుక్కుమంటోంది. మెట్రో స్టేషన్‌కు వెళ్తే ముందు లిఫ్టు ఎక్కడుందో వెతకాల్సి వస్తోంది.

కారణం: మామూలుగా నడిచినా మోకాలి మీద ఒంటి బరువుకు రెండు నుంచి మూడు రెట్ల భారం పడుతుంది. మెట్లు దిగేటప్పుడు అది మూడు రెట్లు దాటుతుంది. అంటే 80 కిలోల మనిషి ఒక్క మెట్టు దిగితే మోకాలు మోసేది 240 కిలోల పైమాటే. ఆ భారాన్ని ఓర్చుకునేది ఎముకల చివర ఉండే మృదులాస్థి, అందరూ గుజ్జు అనేది దాన్నే. దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. అందుకే అరుగుదల ఎప్పుడో మొదలైనా కింది ఎముకకో, కీలు పొరకో ఇబ్బంది కలిగేదాకా మనకు తెలియదు.

పరిష్కారం: సన్నబడాల్సిన పనిలేదు, కొంత తగ్గితే చాలు. ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో పదేళ్లలో దాదాపు 5 కిలోలు తగ్గిన స్త్రీలకు మోకాలి ఆర్థరైటిస్ వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గింది. అరిగిన గుజ్జు మళ్లీ పెరగదు. నొప్పి మాత్రం నిజంగానే తగ్గుతుంది.

సమస్య: బరువు తగ్గాలంటే నడవాలి, నడిస్తే నొప్పి.

కారణం: నొప్పి భయంతో కూర్చుండిపోతే తొడ ముందు కండరం బలహీనపడి, అది పంచుకోవాల్సిన భారం కూడా కీలు మీదే పడుతుంది. పైగా గుజ్జుకు పోషణ అందేది కదలికతోనే. స్పాంజిలా నొక్కుకుని, వదులై, కీలులోని ద్రవాన్ని పీల్చుకుంటుంది.

పరిష్కారం: బరువును ప్రధానంగా కంచంలోనే తగ్గించుకోవాలి. అరగంట నడిచి ఖర్చు చేసిన శక్తి, దారిలో ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో దాదాపు తిరిగి వచ్చేస్తుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలంటోంది. మన ఇళ్లలో ఆ సగాన్ని అన్నం ఆక్రమిస్తోంది. ఆదివారం బిర్యానీ మానమని అనను, రెండోసారి వడ్డించుకోవద్దంటాను.

నడక మోకాలి కోసం. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల వీధులు వదిలి, నెక్లెస్ రోడ్డులాంటి చదునైన చోట పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఇంట్లో కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి అయిదు సెకన్లు పట్టి ఉంచండి. ఒక్కో కాలికి పదిసార్లు. నేల మీద బాసిపట్లు, గొంతుక్కూర్చోవడం కొన్నాళ్లు ఆపండి.

సమస్య: అంత లావేమీ కాదు, అయినా మోకాళ్లతోపాటు వేళ్ల కీళ్లూ నొప్పి.

కారణం: భారతీయులకు అధిక బరువు హద్దు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చెప్పే కొలత) 23. అంటే 165 సెంటీమీటర్ల ఎత్తుకు 63 కిలోల దగ్గరే ఆ గీత దాటుతాం. కొవ్వు ఉత్త మోత బరువు కాదు. లెప్టిన్ అనే హార్మోన్‌ను, వాపును పెంచే ఇతర రసాయనాలను విడుదల చేస్తుంది. లావుగా ఉన్నవారిలో చేతివేళ్ల ఆర్థరైటిస్ కూడా ఎక్కువగా కనిపించడానికి అదొక కారణం. చేతులతో ఎవరూ నడవరు కదా!

పరిష్కారం: తూకంతోపాటు టేపు కూడా వాడండి. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

సమస్య: గుజ్జు పెంచే మాత్రలు వాడుతున్నా గుణం లేదు.

ఇలాంటి మాత్రల్లో తరచూ ఉండే గ్లూకోసమైన్‌తో గుజ్జు తిరిగి పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి.

సమస్య: మోకాలు ఎర్రగా, వేడిగా వాచింది. లేదా పొద్దున పట్టేసిన కీళ్లు గంటకు కూడా సడలడం లేదు.

దీన్ని బరువు ఖాతాలో వేయకండి. కీళ్లవాతం, గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ల వాపు), ఇన్ఫెక్షన్ ఏదైనా కావచ్చు. జ్వరం కూడా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.