మైఎస్‌క్యూఎల్ నుంచి మరియాడీబీకి – మూడో భాగం: చివర ఉన్న ఖాళీ

పోయినసారి రెండో మెషీన్‌లో ఉబుంటు 22.04 వేసి, దాని రెపోలోనే (సాఫ్ట్‌వేర్ గిడ్డంగిలోనే) దొరికే మరియాడీబీ 10.6 ఇన్‌స్టాల్ చేసుకున్నాం. ఈసారి పాత సర్వర్‌లోని మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి డేటా తరలిద్దాం. రెండూ డేటాబేస్ సాఫ్ట్‌వేర్లే. నమూనాకి బెంగళూరు మారతహళ్లిలోని మా పీజీ హాస్టల్ మెస్ కూపన్ల డేటాబేసే తీసుకుంటున్నాను. నూట ఇరవై మందిమి ఉంటాం, సగానికి పైగా మనవాళ్లే. పేర్లన్నీ తెలుగులో ఎక్కించాం. ఆ తెలుగే ఈ భాగానికి పనికొచ్చింది.

ముందుగా ఒక పాత అలవాటు మానాలి. మైఎస్‌క్యూఎల్ వెర్షన్ 5.5 వాడే రోజుల్లో సర్వర్ ఆపి, ప్యాకేజీ మార్చి, అదే డేటా ఫోల్డర్ మీద మళ్లీ లేపితే నడిచేది. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0తో ఆ దారి మూసుకుపోయింది. పట్టికల నిర్మాణం ఉండే ఎఫ్‌ఆర్‌ఎం ఫైళ్లు పోయి, ఆ వివరాలన్నీ ఇన్నోడీబీ (డేటాని దాచే మైఎస్‌క్యూఎల్ ఇంజిన్) లోపలి డిక్షనరీలోకి వెళ్లాయి. మరియాడీబీకి ఆ డిక్షనరీ చదవడం రాదు. మైఎస్‌క్యూఎల్ రాసిన మాంటీ వైడినియస్ తన కూతుళ్ల పేర్లు పెట్టిన రెండు డేటాబేసులివి, పెద్దమ్మాయి మై, చిన్నమ్మాయి మరియా. 2009లో వేరు కాపురం పెట్టాక వంటిల్లు కూడా వేరైపోయింది. కాబట్టి డంప్ ఒక్కటే దారి, అంటే డేటా మొత్తాన్ని ఎస్‌క్యూఎల్ ఆదేశాల ఫైలుగా దించుకుని అవతల ఎక్కించడం.

మైఎస్‌క్యూఎల్‌డంప్‌కి మూడు ఆప్షన్లు మరవద్దు: సింగిల్-ట్రాన్సాక్షన్ (డేటా అంతా ఒకే క్షణంనాటిది రావడానికి), రొటీన్స్ (డేటాబేస్‌లో దాచిన ప్రోగ్రాములు), ఈవెంట్స్ (వేళకి వాటంతటవే నడిచే పనులు). ట్రిగ్గర్లు (డేటా మారినప్పుడు నడిచేవి) అడక్కుండానే వస్తాయి, రొటీన్స్, ఈవెంట్స్ మాత్రం అడిగితేనే. మీ డేటాబేస్ ఒక్కటే తీయండి, మైఎస్‌క్యూఎల్ అనే సిస్టమ్ డేటాబేస్‌ని ముట్టుకోకండి. యూజర్లను అవతల కొత్తగా సృష్టించుకోవడమే మేలు. 8.0 డిఫాల్ట్‌గా వాడే క్యాషింగ్ షా2 పాస్‌వర్డ్ పద్ధతి 10.6కి తెలియదు.

డంప్‌ని అవతల ఎక్కించగానే 1273 ఎర్రర్ వస్తుంది: అన్‌నోన్ కొలేషన్, యుటిఎఫ్8ఎంబి4_0900_ఏఐ_సిఐ. అక్షరాలను ఎలా పోల్చాలో, ఏ వరుసలో పేర్చాలో చెప్పే నియమాల కట్టకి కొలేషన్ అని పేరు. 0900 అంటే యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకీ ఉన్న ప్రమాణం) 9.0.0 నియమాలు. ఈ ఎర్రర్‌కి ఎవర్ని అడిగినా ఒకటే మందు చెబుతారు: సెడ్‌తో (ఫైల్లో మాటలు వెతికి మార్చే కమాండ్) ఆ పేరు తీసేసి యుటిఎఫ్8ఎంబి4_యూనికోడ్_సిఐ అని మార్చెయ్. మా రూమ్‌లో జూనియర్ కుర్రాడు అదే చేశాడు. కాసేపటికి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు.

"అన్నా, ఇప్పుడు 1062 అంటోంది. డూప్లికేట్ ఎంట్రీ చందు. పాత సర్వర్‌లో ఏ గొడవా లేకుండా ఉంది కదా!"

ఆ పట్టికలో పేరే ప్రైమరీ కీ, అంటే ఒకే పేరు రెండుసార్లు రాకూడదు. (పేరుని కీ చెయ్యకూడదని నాకూ తెలుసు. అది ఎక్సెల్ షీట్ నుంచి పుట్టిన పట్టిక.) పాత సర్వర్‌లో ఇద్దరు చందులను లెంగ్త్ ఫంక్షన్‌తో కొలవమన్నాను. ఒకరికి 12 వచ్చింది, ఇంకొకరికి 13. చ, సున్నా, ద, కొమ్ము: ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 12. ఆ పదమూడోది ఏమిటా అని హెక్స్‌లో (బైట్లను అంకెలుగా చూపే పద్ధతిలో) చూస్తే చివర 20 ఉంది. అంటే ఖాళీ. ఫోన్ కీబోర్డులో సూచించిన పేరు నొక్కితే వెనకే ఒక స్పేస్ కూడా పడుతుంది, ఎవరూ గమనించరు.

0900 కొలేషన్లు చివరి ఖాళీని కూడా అక్షరంగానే లెక్కిస్తాయి, అందుకే అక్కడ వీళ్లు ఇద్దరు. యూనికోడ్_సిఐ చివరి ఖాళీలను పట్టించుకోదు, దాని కంటికి ఇద్దరూ ఒకరే. కుర్రాడి సెడ్ మార్చింది కొలేషన్ పేరునే కాదు, 'సమానం' అనే మాట అర్థాన్ని కూడా.

ఇక్కడ నేనూ ఒకప్పుడు దెబ్బతిన్నాను. ఒక ఆఫీసులో ఇదే ఎర్రర్ వస్తే, రాత్రి పన్నెండింటికి ఓపిక లేక యూనిక్ కీ పీకేసి ఎక్కించాను. ఎర్రర్ పోయింది. వారం తర్వాత ఒక కస్టమర్ బిల్లు ఇంకో కస్టమర్‌కి వెళ్లింది. ఒక పేరు అడిగితే రెండు వరుసలు వస్తున్నాయి, కోడ్ మొదటిది పట్టుకుని పోతోంది.

సెడ్‌లో పెట్టాల్సిన పేరు యుటిఎఫ్8ఎంబి4_యూనికోడ్_520_నోప్యాడ్_సిఐ. నోప్యాడ్ అన్న ముక్క ఉన్నవి చివరి ఖాళీని లెక్కలోకి తీసుకుంటాయి. అలా మార్చాక చందులిద్దరూ క్షేమంగా దిగారు. వాళ్లు నిజంగా ఇద్దరా, ఒకడే రెండుసార్లు ఎక్కాడా అనేది మనుషులు తేల్చాల్సిన సంగతి. వెళ్లి అడిగాం. ఒకడే. నెల రోజులుగా రెండు కూపన్లు.

జేసన్ (పేరు-విలువ జతలుగా డేటా రాసే పద్ధతి) గురించి ఒక్క మాట. మరియాడీబీలో జేసన్ అంటే లాంగ్‌టెక్స్ట్‌కి ఇంకో పేరు, అంతే. మీ క్వెరీల్లో బాణం గుర్తు (->) వాడి ఉంటే పనిచెయ్యదు, జేసన్_ఎక్స్‌ట్రాక్ట్‌గా మార్చుకోండి.

హోంవర్క్: 'కంద', 'కద' ఈ రెండు మాటలూ సమానమేనా అని రెండు సర్వర్లనూ అడగండి. అడిగేటప్పుడు కొలేషన్ పేరు చెప్పడం మరవద్దు. వచ్చిన 0 లేదా 1 కాగితం మీద రాసి పెట్టుకోండి. నాలుగో భాగం ఆ సున్నా దగ్గరే మొదలవుతుంది. అంకె సున్నా కాదు, కంద మధ్యలో ఉన్న సున్నా.