వైద్య పరిశోధన వ్యాసం రాయడం – నాలుగో పాఠం: రచయితల పట్టిక, మరోసారి

ఈ పాఠంలో ఒకే వ్యాసాన్ని రెండు పత్రికలకు పంపడం గురించి రాయవలసి ఉంది. మూడో పాఠం అభ్యాసానికి, అంటే మీ వ్యాసంలో ఎవరు రచయితలో, ఎవరికి కృతజ్ఞతలో పట్టిక వేయమన్నదానికి, మీరు పంపిన జవాబులు చదివాక దాన్ని చివరి పేరాలోకి కుదించక తప్పలేదు. చెన్నై మెడికల్ కాలేజీల్లో పీజీ చేస్తున్న మన తెలుగు పిల్లలూ, ఇక్కడే ఉద్యోగాల్లో కుదురుకున్న డాక్టర్లూ పంపిన ఆ జవాబుల్లో సగానికి పైగా ఒకే పొరపాటు కనిపించింది. అందులో కొంత తప్పు నాదే.

వ్యాసానికి రచయిత అనిపించుకోవడానికి ఉన్న నాలుగు షరతులు గుర్తున్నాయి కదా. 1978లో వాంకూవర్‌లో తొలిసారి కూర్చున్న వైద్య పత్రికల సంపాదకుల బృందం, అంటే ఇప్పటి ఐసీఎంజేఈ, చెప్పేది ఇది: పరిశోధన ఆలోచనలోనో, రూపకల్పనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో, ఫలితాలకు అర్థం చెప్పడంలోనో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి; వ్యాసాన్ని రాసి ఉండాలి, లేదా విషయం తెలిసినవారిగా నిశితంగా దిద్ది ఉండాలి; అచ్చుకు వెళ్లే ప్రతిని ఆమోదించాలి; మొత్తం పనికి జవాబు చెప్పుకుంటామని ఒప్పుకోవాలి. ఈ నాలుగోది 2013లో చేరింది. నాలుగూ ఉన్నవారు రచయితలు, ఒక్కటి తగ్గినా కృతజ్ఞతల్లోకి వెళతారు. కిందటిసారి నేను ఇక్కడితో ఆపేశాను. ఆపకుండా ఉండవలసింది.

ఒకరి జవాబు చూడండి. మధుమేహ రోగుల పాదాల పుండ్ల మీద థీసిస్, దాని నుంచి తీసిన వ్యాసం. ఓపీలో ఎనిమిది నెలలపాటు ఒక్కొక్క రోగి పాదానికీ మోనోఫిలమెంటు (సన్నటి నైలాన్ పోగు) ఆనించి, స్పర్శ తెలుస్తోందా లేదా అని అడిగి, ప్రొఫార్మా (వివరాల పత్రం) నింపినది ఒక జూనియర్ రెసిడెంటు. ఏ రోగిని అధ్యయనంలో చేర్చాలో, ఎవరిని వదలాలో నిర్ణయించినదీ ఆమే. పట్టికలో ఆమె పేరుకు ఎదురుగా “డేటా ఉంది, రచన లేదు, కనుక కృతజ్ఞతలు” అని ఉంది. ఆమెకు డ్రాఫ్టు పంపారా అని అడిగాను. పంపలేదన్నారు. ఎందుకని అడిగితే, “ఆమె రచయిత కాదు కదండీ” అన్నారు.

పంక్తిలో విస్తరి వేయకుండా, ఆవిడ భోజనం చేయలేదని రాసుకున్నట్టుంది ఇది. మొదటి షరతు నెరవేర్చిన ప్రతి ఒక్కరికీ డ్రాఫ్టు దిద్దే అవకాశమూ, తుది ప్రతిని ఆమోదించే అవకాశమూ ఇవ్వాలని ఆ ఐసీఎంజేఈ సిఫారసుల్లోనే ఉంది. రెండో షరతునూ మూడో షరతునూ అడ్డం పెట్టుకుని, అర్హులైన సహోద్యోగిని తప్పించకూడదని కూడా అక్కడే రాసి ఉంది. అవకాశం ఇచ్చాక ఆమె తెరిచి చూడకపోతే అది వేరే సంగతి. మీరు పంపిన తేదీ మీ దగ్గర ఉంటుంది.

మిగిలిన ఉదాహరణలు త్వరగా చూద్దాం. రోజువారీ నమూనాలతోపాటు మీ నమూనాలనూ నడిపిన ల్యాబ్ టెక్నీషియన్‌కు కృతజ్ఞతలు చాలు. నిధులు మాత్రమే తెచ్చినవారికీ, పైపైన పర్యవేక్షించినవారికీ అంతే. కృతజ్ఞతల్లో పేరు చూసిన పాఠకుడు ఆ వ్యక్తి మీ ఫలితాలను సమర్థించారని అనుకోవచ్చు గనుక, అక్కడ పేరు వేయడానికి కూడా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కృత్రిమ మేధతో వాక్యాలు దిద్దించుకుంటే ఆ మాట వ్యాసంలో చెప్పాలి. దానికి రచయిత హోదా లేదు, ఎందుకంటే అది దేనికీ జవాబు చెప్పుకోలేదు. బృందం పేరే రచయితగా వేయవచ్చా అని ఇద్దరు అడిగారు. క్షయ రోగికి ఇంటి దగ్గర ఇచ్చే చికిత్స శానటోరియం (క్షయ ఆసుపత్రి) చికిత్సకు తీసిపోదని చూపిన మద్రాసు అధ్యయనం 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో, దాన్ని చేసిన పరిశోధన కేంద్రం పేరుతోనే అచ్చయింది. ఆ కేంద్రం మన చెన్నై చెట్‌పేట్‌లోదే. ఇప్పుడు బృందం పేరు వేసినా, వ్యాసానికి నేరుగా బాధ్యులెవరో విడిగా చూపాలి.

ఇక నన్ను నిజంగా విసిగించే సంగతి మూడో షరతు. రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పడుతుంది, కింద “సర్, రేపు పొద్దున సబ్మిట్ చేస్తున్నాం” అని ఉంటుంది, ఆ కింద వరుసగా ఆరు బొటనవేళ్లు లేస్తాయి. దీన్ని మీలో కొందరు “తుది ఆమోదం – పొందాము” అని పట్టికలో రాశారు. ఆ ఆరుగురిలో ఎంతమంది ఆ ఫైలు తెరిచారో మీకూ తెలుసు.

సంఖ్యాశాస్త్రం వైపు నుంచి ఈ రంగంలోకి వచ్చిన కొత్తలో నేనూ అలాగే తలూపాను. విశ్లేషణ చేసి ఇచ్చాను, మూడో రచయితగా పేరు వచ్చింది, అచ్చయ్యే దాకా వ్యాసం చదవలేదు. కొన్నాళ్లకు ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది: రెండో పట్టికలో వరుసలన్నీ కలిపితే 116 అవుతోంది, అడుగున 118 అని ఉంది, ఆ ఇద్దరూ ఎక్కడికి పోయారు? నాలుగు రోజులు పాత కాగితాలు తిరగేశాను. మధ్యలో ఫాలోఅప్‌కు రావడం మానేసిన ఇద్దరిని వరుసల్లోంచి తీసేసి, మొత్తంలో అలాగే ఉంచేశారు. సవరణ అచ్చు వేయించాం. ఆ పట్టిక నేను ఒక్కసారి కూడి ఉంటే రెండు నిమిషాల పని.

అప్పటినుంచి నాదొక పద్ధతి ఉంది, ఇది ఏ సిఫారసుల్లోనూ కనబడదు. “ఓకే” అన్న జవాబును లెక్కలోకి తీసుకోను. తాము సరిచూసినది ఏదో ఒకటి పేరు పెట్టి రాయమంటాను: “మూడో పట్టిక కూడాను, సరిపోయింది” అనో, “చర్చలో నాలుగో పేరా అతిగా ఉంది, తగ్గించండి” అనో. వారం రోజుల గడువిస్తాను.

హెచ్ఓడీ (విభాగాధిపతి) గారి పేరు లేకపోతే ఎలాగని చాలామంది అడిగారు. నెల ముందే డ్రాఫ్టు ప్రింటు తీసి ఇచ్చి, చర్చ భాగం దిద్దిపెట్టమని అడగండి. రూపకల్పనలోనో ఫలితాల వ్యాఖ్యానంలోనో ఆయన పాలు నిజంగా ఉంటే, దిద్దుబాటుతో మిగతాది కూడా సమకూరుతుంది. పాలు లేకపోతే కృతజ్ఞతలే. థీసిస్ మీద సంతకం కోసం ఆయన గది ముందు నిలబడవలసిన పీజీకి ఇది ఎంత కష్టమో రిటైరై కూర్చున్న నాకు తెలియక కాదు; అందుకే ఈ సంభాషణ సినాప్సిస్ (థీసిస్ ప్రతిపాదన) ఇచ్చే రోజునే, పేర్ల వరుస క్రమంతో సహా కాగితం మీద జరగాలంటాను. సబ్మిట్ చేశాక పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా, తీసివేతకు గురయ్యే వ్యక్తితో సహా అందరి సంతకాలూ పత్రిక అడుగుతుంది. మీ తగువు పత్రిక తీర్చదు, మీ సంస్థకే పంపుతుంది.

రెండు పత్రికల సంగతి క్లుప్తంగా: ఒకచోట తిరస్కరించినట్టు జవాబు వచ్చేదాకా, లేదా మీరే రాతపూర్వకంగా ఉపసంహరించుకునేదాకా ఇంకోచోటికి పంపకండి. సదస్సులో పెట్టిన పోస్టరు, సారాంశం ముందస్తు ప్రచురణ కిందికి రావు, అయినా కవర్ లెటర్‌లో చెప్పండి. ప్రీప్రింట్, అంటే పత్రిక సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతి, ఉంటే తప్పక చెప్పండి. అవే రోగుల ఫలితాలు రెండు వ్యాసాలుగా అచ్చయితే, తరవాత మెటా అనాలిసిస్ (ఎన్నో అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కగట్టడం) చేసేవారు వారిని రెండుసార్లు లెక్కపెట్టి, మందు ఉన్నదానికన్నా బాగా పనిచేస్తోందని తేల్చే ప్రమాదం ఉంది.

అభ్యాసం. మీ చివరి వ్యాసానికో థీసిస్‌కో చెయ్యి వేసిన ప్రతి ఒక్కరి గురించీ, ఆయమ్మతో సహా, ఏం చేశారో ఒక్కొక్క వాక్యం రాయండి. వాక్యంలో క్రియ ఉండాలి, తేదీ ఉండాలి, “సహకరించారు” అన్న మాట వాడకూడదు. ఆ కాగితాన్ని వారందరికీ చూపించి, వారి చేతనే ఎర్ర సిరాతో దిద్దించండి. ఎవరికి చూపించడానికి మీకు మొహమాటం వేసిందో ఆ పేరు పక్కన చుక్క పెట్టి, మూడు వారాల్లో నాకు పంపండి.